గోదావరి డెల్టాలో షేల్ గ్యాస్ కోసం ఫ్రాకింగ్: ఒప్పుకోవాలా, వద్దా?

కాలువగట్టు
మాది భీమవరం వైపు. మొన్న ఊడ్పులకి ముందు సర్వే వాళ్ళు వచ్చి మా చేలల్లో తీగలు పరిచి, బోర్లు దింపి చిన్న చిన్న పేలుళ్ళు పేల్చి వెళ్ళారు. చేలో ఏమీ లేదు కాబట్టి పంట నష్టం రాలేదు గానీ పక్కనున్న చేపల చెరువు గట్టు ఒకచోట బీటేసింది. అడిగితే ఆ సూపర్‌వైజరు కుర్రాడు "గ్యాస్ ఎక్కడుందో చూస్తున్నామండి" అన్నాడు, అంతే. అప్పట్నుంచీ ఊళ్ళో ఒకటే గోల. ఫ్రాకింగ్ చేస్తారంట, కింద రాయి పగలగొడతారంట, బోరు నీళ్ళకి నిప్పంటుకుంటుందంట. మా దగ్గర తాగే నీళ్ళంటే కాలువ నుంచి ఊరి చెరువుకి పెట్టుకున్నవే. అవి పాడైతే ఇంకో దారి లేదు. దీన్ని ఒప్పుకోవాలా వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు మాత్రం ఇక్కడ పెట్టకండి, అన్నీ చూసేశాను.

రిగ్గుమాస్టారు
సర్వే జరిగినంత మాత్రాన ఫ్రాకింగ్ వస్తోందని కాదండి. మామూలు గ్యాస్ బావికైనా ముందు ఆ సర్వే ఉంటుంది. గట్టు బీటకి మాత్రం నష్టపరిహారం రాతపూర్వకంగా అడగండి, ఇప్పుడే అడగండి.

ఇక అసలు సంగతి. మామూలు గ్యాస్ ఇసుకరాయి సందుల్లో ఉంటుంది, బావి దింపితే తనంతట తనే పైకొస్తుంది. షేల్ అంటే బురద గట్టిపడి అయిన పలకరాయి. గ్యాస్ అందులో పుట్టి అందులోనే ఇరుక్కుపోతుంది. అందుకని రెండు మూడు కిలోమీటర్లు నిలువుగా దింపి, అక్కడ బావిని అడ్డంగా తిప్పి, ఆ రాతిలో ఇంకో కిలోమీటరో రెండో పోనిస్తారు. గొట్టానికి చిల్లులు పొడిచి నీళ్ళు, ఇసుక, కొద్దిగా రసాయనాలు విపరీతమైన ఒత్తిడితో కొడతారు. రాయి చిట్లుతుంది, ఇసుక రేణువులు ఆ పగుళ్ళు మూసుకోకుండా ఆపుతాయి, గ్యాస్ బయటికొస్తుంది. పగుళ్ళు వందల అడుగులు పాకుతాయి. మీ బోరుకీ ఆ రాతికీ మధ్య వేల అడుగుల రాయి ఉంటుంది. అడుగునుంచి పగులు పైకొచ్చి మీ బోరులో తేలడం జరిగే పని కాదు. రిగ్గుల మీద బతికినవాణ్ణి, తెలిసి చెబుతున్నా.

లంక_లక్ష్మి
మాస్టారూ, మీరు చెప్పే "జరిగే పని కాదు" మేం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంది. 65 రోజులు మండింది. మాది ఆ పక్క ఊరే. రాత్రిళ్ళు పెరట్లో దీపం లేకుండా అన్నాలు తినేవాళ్ళం, అంత వెలుగు. ఆ హోరుకి అటక మీద ఇత్తడి బిందెలు గలగలమనేవి. కొబ్బరి మట్టలు నిలువునా మాడిపోయి చెట్లు మొండాల్లా నిలబడ్డాయి. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి తెల్లవారుజామున నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు, ఇరవై మందికి పైగా పోయారు. ఇప్పుడు ఇంకా కొత్త రకం తవ్వకం అంటున్నారు. మాకు ఒద్దండి, ఆయ్.

రిగ్గుమాస్టారు
అమ్మా లక్ష్మీ, ఆ బాధ మీద నాకు మాట లేదు. ఆ రోజుల్లో నేనూ ఆ మంట చూశాను. కానీ పాశర్లపూడిది మామూలు బావి, ఫ్రాకింగ్ కాదు. ఒత్తిడి అదుపు తప్పిన బ్లోఔట్ అది. నగరం ఊళ్ళో పేలింది పైపులైను. రెండూ కలిపేస్తే ఫ్రాకింగ్ గురించి అడగాల్సిన ప్రశ్నలు పక్కకి పోతాయి.

లంక_లక్ష్మి
కలపడం లేదండి. బావులూ పైపులూ చూసుకోవాల్సింది ఎవరు? మామూలు పైపునే కాపాడనివాళ్ళు ఇంత ఒత్తిడి పని చేస్తామంటే నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? నా ప్రశ్న అది.

పవర్_ప్రసాద్
అవతలి పక్క కూడా చూడండి. దేశం వాడే గ్యాస్‌లో సగం దాకా ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నాం. కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్‌లో సముద్రం కిందున్న డీ6 గ్యాస్ వస్తుందని నమ్మి వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి వైపు వేల కోట్లు పోసి కరెంటు ప్లాంట్లు కట్టారు. 2010 తర్వాత ఆ గ్యాస్ పడిపోయింది, ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా పడున్నాయి. నేను అలాంటి ఒక ప్లాంటులో పనిచేసినవాణ్ణే. కొత్త టర్బైను, తుప్పు పట్టకుండా తుడుచుకుంటూ కూర్చోవడమే డ్యూటీ. మన కాళ్ళ కిందే గ్యాస్ ఉందంటే వద్దనడం తేలికేనా? అమెరికాలో షేల్ గ్యాస్ వచ్చాకే బొగ్గు ప్లాంట్లు వరసగా మూతపడ్డాయి, వాళ్ళ కార్బన్ తగ్గింది.

మద్రాసు_మురళి
ప్రసాద్ గారూ, "కాళ్ళ కింద ఉంది" అన్నది ఎంత? అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో ఇండియాలో తీయగలిగే షేల్ గ్యాస్ 96 ట్రిలియన్ ఘనపుటడుగులు అంది, అందులో 57 ఒక్క కేజీ బేసిన్‌దే. అదే అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు అంతకు కొద్దిగా ముందు ఖంభాత్, కేజీ, కావేరి మూడూ కలిపి 6.1 అన్నారు. రెండూ పేరున్న సంస్థలే. పోలండ్‌లో ఇలాగే పెద్ద అంకె చూసి కంపెనీలు పరిగెత్తాయి, తవ్వి చూసి వెనక్కి వెళ్ళిపోయాయి.

రిగ్గుమాస్టారు
మురళి చెప్పింది నిజం. 2013 అక్టోబరు షేల్ గ్యాస్ విధానం కింద ఓఎన్‌జీసీకి మొదటి విడత 50 బ్లాకులు (తవ్వి చూడటానికి కేటాయించిన ప్రాంతాలు) ఇస్తే అందులో 10 కేజీ బేసిన్‌వి. తవ్వి చూశారు, వ్యాపారానికి పనికొచ్చేంత తేలలేదు. మన రాళ్ళకి మన ఊళ్ళ పేర్లే ఉన్నాయి తెలుసా: రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం షేల్. లోతు ఎక్కువ, వేడి ఎక్కువ. టెక్సాస్ రాయి చిట్లినట్టు చిట్లదు. నాగాయలంక దగ్గర బిగుతు ఇసుకరాయికి ఫ్రాకింగ్ చేశారు, అది షేల్ కాదు.

కాలువగట్టు
అంటే మా కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇప్పటికే ఫ్రాకింగ్ జరిగిందన్నమాట! ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు మాస్టారూ.

రిగ్గుమాస్టారు
చిన్న స్థాయిలో దశాబ్దాలుగా ఉన్నదే. షేల్‌కి చేసేది దానికి ఎన్నో రెట్లు పెద్దది, ఒక్కో బావికి విడతలు విడతలుగా చేస్తారు. తేడా అక్కడుంది.

డెంటన్_కిరణ్
నేను అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డెంటన్‌లో చదువుకున్నా, ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నా. మనవాళ్ళు ఎంతమంది అక్కడి యూనివర్సిటీలో చదివారో అందరికీ తెలుసు. కానీ ఆ ఊరి కథ చాలామందికి తెలీదు. డెంటన్ బార్నెట్ షేల్ మీద ఉంది, ఈ షేల్ గ్యాస్ వ్యాపారం మొత్తం మొదలైంది ఆ బార్నెట్‌లోనే. ఇళ్ళకి కొన్ని వందల అడుగుల్లో బావులు. జనం విసిగిపోయి 2014 నవంబరులో ఓటు పెట్టుకుని ఊళ్ళో ఫ్రాకింగ్ నిషేధించారు. వందలో 59 మంది నిషేధానికే వేశారు. టెక్సాస్ అంటే ఆయిల్ రాష్ట్రం, అక్కడ అలా గెలవడం మాటలు కాదు. ఏడు నెలలు తిరక్కుండా రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది, ఏ ఊరికీ ఫ్రాకింగ్ ఆపే అధికారం లేదని. 2015 జూన్‌లో డెంటన్ తన నిషేధం తనే ఎత్తేసుకుంది.

ఇక ఇర్వింగ్. 2015 జనవరి 6న ఒకే రోజు 3.5, 3.6 భూకంపాలు. మా అపార్ట్‌మెంట్‌లో పూజ గదిలో పటాలు పడ్డాయి. డాలస్‌లో భూకంపం ఏంట్రా అని అందరం పార్కింగ్‌లోకి పరిగెత్తాం.

నల్లగొండ_వెంకన్న
అన్నా, భూకంపం ఫ్రాకింగ్ తోటి అయితదా, ఆ మురికి నీళ్ళ తోటి అయితదా? నేను విన్నది వేరే ఉన్నది.

డెంటన్_కిరణ్
మంచి ప్రశ్న వెంకన్నా. ఎక్కువ శాతం ఆ నీళ్ళ వల్లే. బావిలోంచి తిరిగొచ్చే ఉప్పునీళ్ళని వేరే ఇంజెక్షన్ బావుల్లో భూమి లోపలికి కొడతారు. అవి పాత భ్రంశరేఖల్లోకి, అంటే భూమి లోపలి పాత చీలికల్లోకి పోయి వాటిని కదిలిస్తాయి. ఓక్లహోమాలో 2009కి ముందు మూడు పాయింట్లు దాటే భూకంపాలు ఏడాదికి ఒకటో రెండో. 2015లో తొమ్మిది వందల దాకా వచ్చాయి. 2016 సెప్టెంబరులో పానీ అనే చోట 5.8 వచ్చింది. తర్వాత నియంత్రణ పెట్టి నీళ్ళు కొట్టడం తగ్గించారు, భూకంపాలు తగ్గాయి. లెక్క అంత సూటిగా ఉంది.

బ్లాక్‌పూల్_డాక్టరమ్మ
మా ఇంగ్లండ్‌లో మాత్రం నేరుగా ఫ్రాకింగ్ వల్లే వచ్చాయి కిరణ్ గారూ. ప్రెస్టన్ న్యూ రోడ్ బావి మా హాస్పిటల్‌కి ఎంతో దూరం లేదు. 2015లో లాంకషైర్ కౌంటీ వద్దని తిప్పికొడితే 2016లో లండన్‌లో మంత్రి ఆ నిర్ణయం కొట్టేసి అనుమతి ఇచ్చాడు. 2019 ఆగస్టు 26న 2.9 వచ్చింది. సెలవు రోజు పొద్దున, టీ కప్పు సాసర్లో టకటకలాడింది. చిన్నదే, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా నవంబరులో ప్రభుత్వం ఆపేసింది. అక్కడి నియమం చూడండి: 0.5 దాటితే పని ఆపాలి. 0.5 అంటే మనిషికి తెలియను కూడా తెలియదు. 2022 సెప్టెంబరులో కొత్త ప్రధాని నిషేధం ఎత్తేసింది, అక్టోబరులో ఇంకో ప్రధాని మళ్ళీ పెట్టాడు.

పవర్_ప్రసాద్
డాక్టర్ గారూ, ఇది నాకు ఊపిరాడని నియమంలా అనిపిస్తోంది. 0.5కి ఆపితే ఏ పనీ సాగదు. లారీ వెళ్ళినా అంత కదులుతుంది నేల.

బ్లాక్‌పూల్_డాక్టరమ్మ
కంపెనీ కూడా అదే అంది. కానీ 0.5 దగ్గర ఆపితేనే 2.9 రాకుండా ఉంటుందని పెట్టారు. ఆపి మళ్ళీ మొదలెట్టినా 2.9 వచ్చింది కదండీ. మీ డెల్టాలో మిద్దెలన్నీ మెత్తటి ఒండ్రు మీద కట్టినవి. అది మర్చిపోకండి.

అనంత_రైతుబిడ్డ
ఇందులో మన సీమ కథ కూడా ఉంది. ఫ్రాకింగ్‌కి కొట్టే నీళ్ళు చిక్కగా చేసి ఇసుకని మోసుకుపోయేదానికి గోరుచిక్కుడు గింజల జిగురు వాడతారు. 2012లో అమెరికా వాళ్ళు ఎగబడి కొన్నారు. రాజస్థాన్‌లో గింజలు క్వింటా ముప్పై వేల దాకా పోయినాయి. జూదం ముదిరిందని మార్చిలో సర్కారే ఫ్యూచర్స్ ట్రేడింగ్ (రాబోయే ధర మీద ముందే చేసే బేరం) ఆపేసింది. అది చూసి మా అనంతపురం పక్క కూడా వేసినారు. మా నాయన వేరుశనగ తీసేసి రెండెకరాల్లో పెట్టినాడు. విత్తనం ఇచ్చినోడు పంట కొంటానని చెప్పి, రేటు పడినాక ఫోన్ ఎత్తలేదు. ఫ్రాకింగ్ వస్తే రైతు బాగుపడతాడనేవాళ్ళకి ఇది చెప్తుండా. ధర వాళ్ళది, చేను మాది.

మద్రాసు_మురళి
మా ఇంట్లో గోరుచిక్కుడు కూర చేసిన రోజు పిల్లలకి ఈ సంగతి చెప్పాలి, ఒక ముద్ద ఎక్కువ తింటారేమో.

నల్లగొండ_వెంకన్న
నీళ్ళ లెక్క ఎవరన్న చెప్పుండ్రి. ఒక్క బావికి ఎన్ని నీళ్ళు?

రిగ్గుమాస్టారు
అమెరికా భూగర్భ సర్వే లెక్క ప్రకారం ఒక్కో బావికి 15 లక్షల గ్యాలన్ల నుంచి కోటీ 60 లక్షల గ్యాలన్ల వరకూ. లీటర్లలో సుమారు 57 లక్షల నుంచి 6 కోట్లు. వినడానికి గుండె గుభేలుమంటుంది. కానీ డెల్టాలో ఎకరం వరికి ఒక పంటకి దగ్గర దగ్గర 50 లక్షల లీటర్లు పోతాయి. అంటే ఎక్కువలో ఎక్కువ పన్నెండెకరాల వరి నీళ్ళు ఒక బావికి. గోదావరికి అదేం లెక్క కాదు.

కాలువగట్టు
ఏడాది పొడుగునా చూస్తే కాదు మాస్టారూ. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసినప్పుడు చూడండి. దాళ్వా చివర తడికి నీళ్ళు చాలక వంతులు వేసుకుంటాం, గట్టు మీద రాత్రంతా కాపలా కాస్తాం. రిగ్గు ఆ నెలల్లో ఆగుతుందా? రోజు అద్దె లక్షల్లో ఉంటుందంటారు. ఎవరు ఆపుతారు? శివారు రైతుకి నీళ్ళు అందనిది ఆ నెలల్లోనే.

రిగ్గుమాస్టారు
ఆగదు. అది ఒప్పుకోవాల్సిందే. వర్షాకాలంలో చెరువు తవ్వి నిల్వ చేసుకోవాలని షరతు పెట్టవచ్చు.

లంక_లక్ష్మి
తీసుకునే నీళ్ళ కంటే వదిలే నీళ్ళ సంగతి ముందు చెప్పండి. సముద్రపు నీళ్ళ కన్నా ఉప్పుగా వస్తాయంట కదా.

డెంటన్_కిరణ్
అవునండి, కొన్నిచోట్ల కొన్ని రెట్లు ఎక్కువ ఉప్పు. బేరియం, స్ట్రాన్షియం, రాతిలోని రేడియం కూడా కలిసి వస్తాయి. పెన్సిల్వేనియాలో మొదట్లో ఈ నీళ్ళు మునిసిపాలిటీ శుద్ధి కేంద్రాలకి పంపి నదుల్లో కలిపేశారు. ఆ కేంద్రాలకి ఉప్పు తీసే యంత్రాలే లేవు. 2011లో రాష్ట్రం వద్దని చెప్పాక ఆగింది. మీ దగ్గర ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? భూమిలోకి కొడితే భూకంపాల భయం, కొట్టకపోతే డ్రెయిన్లే దిక్కు.

కాలువగట్టు
మా డ్రెయిన్లు ఇప్పటికే చచ్చిపోయాయి. రొయ్యల చెరువుల నీళ్ళన్నీ వాటిలోకే. వేసవిలో డ్రెయిన్ పక్కన నడిస్తే ముక్కు మూసుకోవాలి. అదే నీళ్ళు అడుగున ఉన్నవాడు మోటారు పెట్టి తోడుకుని చేలోకి పెట్టుకుంటాడు. అందులో ఇంకో విషం పోస్తే ఎక్కడిదో ఎవరు కనిపెడతారు? అడిగితే "మీ రొయ్యల వల్లే" అంటారు.

చట్టం_చూద్దాం
కాలువగట్టు గారు అసలు కీలకం పట్టుకున్నారు. కోర్టుకి వెళ్తే మొదటి ప్రశ్న అదే: తవ్వకానికి ముందు మీ నీళ్ళు ఎలా ఉన్నాయి? కాగితం ఉందా? లేకపోతే కేసు అక్కడే సగం పోయినట్టు.

ఇంకో రెండు విషయాలు. ఒకటి, అమెరికాలో చాలాచోట్ల భూమి కింద ఖనిజం హక్కు ప్రైవేటు మనుషులది. బావి పడితే ఆ హక్కుదారుకి నెలనెలా రాయల్టీ చెక్కు వస్తుంది. మనకి భూమి కింద గ్యాస్ రైతుది కాదు. రైతుకి పైన నేలకి కౌలు లాంటి పరిహారం ఇస్తారు, రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. రెండు, 2020 జనవరి 16న పర్యావరణ శాఖ నోటిఫికేషన్ మార్చింది. చమురు, గ్యాస్ అన్వేషణని బీ2 తరగతిలో పెట్టింది. దాంతో అన్వేషణ దశకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి దశకి కావాలి. కానీ షేల్‌లో గ్యాస్ ఉందో లేదో చూడాలంటేనే ఫ్రాకింగ్ చేయాలి! జనాన్ని అడిగేసరికి రాయి పగిలి ఉంటుంది.

పవర్_ప్రసాద్
ఇది మాత్రం అన్యాయం. గ్యాస్ కావాలనేవాణ్ణి నేను, అయినా ఊరివాళ్ళని అడగకుండా మొదలుపెడతామంటే ఒప్పుకోను.

నల్లగొండ_వెంకన్న
2019ల నల్లమలల యురేనియం తవ్వుతమంటే ఊర్లన్ని లేచినయ్. ఆఖరికి అసెంబ్లీల తీర్మానం జేసిండ్రు. మా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగినోళ్ళని జూసి పెరిగిన. నీళ్ళల్ల ఏం కలిసిందో బయటపడేటాళ్ళకు ఒక తరం పోతది. సర్కార్ల మాట మీద ఊకుంటే కాదు.

మద్రాసు_మురళి
తమిళనాడు ఒక అడుగు ముందుకేసింది. నెడువాసల్‌లో 2017లో గ్యాస్ తవ్వకం వద్దని రైతులు నెలల తరబడి ధర్నాకి కూర్చున్నారు. 2020లో కావేరి డెల్టాని రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేశారు. అక్కడ చమురు, గ్యాస్, బొగ్గు పొరల మీథేన్, షేల్ గ్యాస్ కొత్త తవ్వకాలు నిషేధం. అప్పటికే ఉన్నవి మాత్రం నడుస్తున్నాయి. గోదావరి డెల్టా కావేరి డెల్టా కన్నా ఏం తక్కువ?

రిగ్గుమాస్టారు
తక్కువ కాదు. కానీ చట్టం చేసి మొత్తానికి తలుపు మూసేయడం నాకు నచ్చదు. సరైన సిమెంటు, రెండు మూడు వరసల కేసింగ్ (బావిలో దింపే ఉక్కు గొట్టాలు), ప్రతి బావికీ సిమెంటు పట్టిందో లేదో పరీక్ష, ఆ రిపోర్టు పంచాయతీ గోడ మీద అంటించడం. ఇవి జరిగితే ప్రమాదం చాలా తగ్గుతుంది. బోరుల్లోకి గ్యాస్ వచ్చిన కేసులు ఎక్కువ భాగం పగుళ్ళ వల్ల కాదు, గొట్టం చుట్టూ సిమెంటు సరిగ్గా పట్టకపోవడం వల్ల. పని చేసేవాడి చేతిలో ఉంది.

లంక_లక్ష్మి
"ఇవి జరిగితే" దగ్గరే మా బతుకులన్నీ ఆగిపోతున్నాయండి.

బ్లాక్‌పూల్_డాక్టరమ్మ
మాస్టారు గారూ, ఒక బావి కాదు కదా సమస్య. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. గ్యాస్ నిలబెట్టాలంటే తవ్వుతూనే ఉండాలి. పది, వంద, ఐదొందలు. ఒక్కో చోటికి నాలుగైదు ఎకరాలు, ఒక్కో బావికి వందల లారీలు. టెక్సాస్‌లో ఖాళీ నేలుంది. మీ జిల్లాలో ఊరు దాటితే ఇంకో ఊరే.

కాలువగట్టు
రోడ్లు కూడా కాలువ గట్ల మీదే డాక్టర్ గారూ. పక్కన కాలువ, ఇంకో పక్కన బోదె. ధాన్యం లారీ ఎదురొస్తే బస్సు వెనక్కి పోవాల్సిందే. ఇసుక లారీలు రెండేళ్ళు తిరిగితే మా గట్టు కుంగిపోయింది.

అనంత_రైతుబిడ్డ
మరి తేల్చుకున్నావా అన్నా, ఒప్పుకుంటావా లేదా?

కాలువగట్టు
నా వరకు వద్దనే. రాబడి ఎక్కడికో, ఉప్పునీళ్ళు మా డ్రెయిన్లోకీ అయితే ఎలా ఒప్పుకుంటాను? మామూలు గ్యాస్ బావుల్ని నేను కాదనలేదు, మా పక్క ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఉన్నాయి. షేల్ వేరు. ఊళ్ళో మిగతావాళ్ళు ఏమంటారో గ్రామసభలో అడగాలి. చట్టం గారూ, నీళ్ళ పరీక్షల సంగతి చెప్పండి, ఏమేం చేయించాలి?

చట్టం_చూద్దాం
గుర్తింపు ఉన్న ల్యాబులో చేయించండి, ఇంట్లో కిట్టు కాగితం చెల్లదు. శాంపిల్ తీసేటప్పుడు పంచాయతీ కార్యదర్శి ఉండాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు, తేదీ, ఏ బోరో ఏ చెరువో సర్వే నంబరుతో సహా రాయాలి. వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి. అలాగే సమాచార హక్కు కింద అడగండి: మీ మండలం ఏ బ్లాకులో ఉంది, ఎవరి చేతిలో ఉంది, ఏ పనికి అనుమతి ఇచ్చారు. 2025లో చమురు క్షేత్రాల చట్టం సవరించి షేల్ గ్యాస్‌ని కూడా అందులో చేర్చారు. కాబట్టి పాత లీజు అని ఊరుకోవద్దు.

డెంటన్_కిరణ్
పరీక్షల్లో కరిగిన మీథేన్ (గ్యాస్‌లో ముఖ్యభాగం అదే), క్లోరైడ్, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం), బేరియం, స్ట్రాన్షియం తప్పనిసరి. మీథేన్ దొరికితే దాని ఐసోటోపు (అందులోని పరమాణువుల రకం) కూడా చూడమనండి. చిత్తడి నేలల్లో కుళ్ళి పుట్టిన గ్యాసా, లోతు గ్యాసా అన్నది దానితోనే తేలుతుంది. మీ నేలలో మొదటిది ఎటూ ఉంటుంది, రేపు దాన్ని చూపించే తప్పించుకుంటారు.

రిగ్గుమాస్టారు
మీథేన్ శాంపిల్‌కి మామూలు సీసా పనికిరాదు, పైకి తెచ్చేలోగా గ్యాస్ పోతుంది. దానికి ప్రత్యేకమైన పద్ధతి ఉంది. ల్యాబు వాళ్ళనే రమ్మనండి. శాంపిల్ తీసే రోజు చెప్తే రాజమండ్రి నుంచి నేనూ వస్తాను. ఫ్రాకింగ్ మీద మీకూ నాకూ పడదు గానీ ఈ పని మాత్రం సరిగ్గా జరగాలి.

లంక_లక్ష్మి
మా లంకలో బోర్లకి కూడా చేయిస్తాం. ఖర్చు ఎంతవుతుందో ఎవరైనా చెప్పండి, డ్వాక్రా గ్రూపులో పెడతాను.